అప్‌డేట్: సింగపూర్ ఫిరంగుల గురించి అడిగింది నేనే

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది కదా, దాని గురించే "భూమి మీదుగా దాడి వస్తుందని బ్రిటిష్ వాళ్లకు తట్టనే లేదా? ఫిరంగులన్నీ సముద్రం వైపే ఎందుకు పెట్టారు?" అని అడిగాను కదా. మా తాతయ్య మలయా (సింగపూర్‌కు ఉత్తరాన, ఇప్పటి మలేషియాలో భాగం) రబ్బరు తోటల్లో పనిచేశాడు, ఇంట్లో ఎప్పుడూ వినే మాట అది. జవాబులు చెప్పినవాళ్లందరికీ థాంక్స్. కూర్చుని చదివాక తేలిందేంటంటే, నా ప్రశ్నే తప్పు.

తట్టింది. అదీ నాలుగేళ్ల ముందే! 1937లో మలయా సైన్యాధిపతి డాబీ, ఆయన ముఖ్య స్టాఫ్ అధికారి పెర్సివల్ కలిసి వేసిన అంచనా ఉంది. జపాన్ థాయ్‌లాండ్‌లోని సింగోరా, పటానీల్లో, మలయాలోని కోట భారులో దిగి దక్షిణానికి రావచ్చన్నారు. ఈశాన్య రుతుపవనాల్లో ఎవరూ దిగలేరన్న నమ్మకాన్నీ కొట్టేశారు. 1941 డిసెంబర్ 8న ఆ మూడు చోట్లా దిగారు, ఆ వానల్లోనే.

మరి ఆపలేదేం? సింగోరాను ముందే పట్టుకునే 'మాటడార్' పథకం ఉంది. థాయ్‌లాండ్ తటస్థ దేశం, ముందు అడుగుపెడితే నింద తమ మీద పడుతుందని బ్రిటిష్ వాళ్లు ఊగిసలాడుతుండగానే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. మలయాలో బ్రిటిష్ ట్యాంకు ఒక్కటీ లేదు. 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది ఎవరనుకున్నారు? ఆ పెర్సివలే, అప్పటికి సైన్యాధిపతి.

ఇక ఫిరంగుల్లో చాలావరకు వెనక్కి, అంటే భూమి వైపుకి, తిరిగేవే. కాకపోతే గుండ్లు ఎక్కువగా ఓడల ఉక్కు చీల్చే రకం, కాల్బలం మీద పెద్దగా పనిచేయవు.

ఇదంతా చెబితే మా బాబాయ్ మాత్రం "అయితే నాన్న చెప్పింది అబద్ధమా?" అని అలిగి కూర్చున్నాడు.