జీపీయూ ఫ్యాన్ గోల: ఫ్యాన్‌ని తగ్గించాలా, వేడినే తగ్గించాలా?

బెజవాడ_పీసీ:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, రెండు గదుల ఇల్లు. సిస్టమ్ హాల్లోనే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060, రెండు ఫ్యాన్ల మోడల్. రాత్రి గేమ్ పెడితే కాసేపటికే ఫ్యాన్లు 2,100 ఆర్‌పీఎం దాటుతున్నాయి. అమ్మ హాల్లోనే పడుకుంటుంది. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు ఆమెకి అలవాటే గానీ, దీని గుయ్యిమనే మోతకి నిద్ర పట్టట్లేదంటోంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను, ఆమె ఏం పెట్టుకుంటుంది?
కార్డు టెంపరేచర్ 74 దగ్గర ఆగుతోంది. గదిలో రాత్రిపూట కూడా 34 ఉంటోంది, ఏసీ లేదు. ఒక ఫ్రెండ్ ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీతని, కిందికి లాగెయ్, చాలంటాడు. ఇంకొకడు అండర్‌వోల్ట్ (చిప్‌కి వెళ్లే వోల్టేజ్ తగ్గించడం) చెయ్యకుండా ఫ్యాన్ జోలికెళ్తే కార్డు పోతుందంటాడు. ఏది ముందు చెయ్యాలి?

కర్వ్_బాబు:
తమ్ముడూ, ముందు కర్వే. 3060కి ఎన్విడియా ఇచ్చిన గరిష్ఠ టెంపరేచర్ 93. నీది 74. మధ్యలో అంత చోటు పెట్టుకుని ఫ్యాన్‌ని అలా ఎందుకు పరిగెత్తించడం?
లెక్క కూడా చూడు. ఫ్యాన్ వేగం తగ్గితే శబ్దం బాగా పడిపోతుంది. 2,100 నుంచి 1,600కి దించితే మామూలు ఫ్యాన్ సూత్రం ప్రకారం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. చెవికి స్పష్టంగా తెలిసే తేడా అది. కార్డు 80కి వస్తుంది. రానీ. అందుకోసమే డిజైన్ చేశారు దాన్ని.

లలిత_రెండర్స్:
కర్వ్_బాబు గారూ, 93 దాకా తట్టుకుంటుందన్నది నిజమే. కానీ మీరు తీసేస్తున్నది శబ్దాన్ని, వేడిని కాదు. కార్డు లాగే 170 వాట్లు అలాగే ఉన్నాయి. అదంతా ఆ క్యాబినెట్లోకి, అక్కణ్ణుంచి ఆ హాల్లోకే వస్తుంది. అమ్మగారు పడుకున్నది కూడా అక్కడే కదా.
పైగా ఆయనది విజయవాడ. గది ఒక డిగ్రీ పెరిగితే కార్డు కూడా ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. 34లో 80కి సెట్ చేసిన కర్వ్, ఎండాకాలం మధ్యాహ్నం గది 40 అయితే 86 మీద కూర్చుంటుంది. అప్పుడు కర్వ్ పైభాగం అందుకుని ఫ్యాన్లు మళ్లీ అరుస్తాయి, లేదా కార్డు తన క్లాక్ (చిప్ పనిచేసే వేగం) తగ్గించుకుంటుంది. మనం దాచిన శబ్దం వడ్డీతో వస్తుంది.
చిప్ తినే పవర్ వోల్టేజీ వర్గంతో (స్క్వేర్‌తో) మారుతుంది. అదే క్లాక్ మీద 1.05 వోల్ట్ నుంచి 0.9కి దించగలిగితే చిప్‌లోని ట్రాన్సిస్టర్ల స్విచింగ్‌కి పోయే పవర్ పావు వంతు పైనే తగ్గుతుంది. పుట్టని వేడికి ఫ్యాన్ అక్కర్లేదు. ముందు వాట్లు, ఆ తర్వాతే కర్వ్.

కర్వ్_బాబు:
లలిత గారూ, మీరు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్లు (3డీ బొమ్మలు గీయించే పని) పెట్టే మనిషి, మీకు ఇదంతా చేతికి అలవాటు. కొత్తవాడికి ఆ వోల్టేజ్ కర్వ్ ఎడిటర్ తెరిచి చూపించండి, భయపడతాడు. ఏ చిప్ ఎంత తక్కువలో నిలబడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇద్దరి కార్డులూ ఒకే మోడలైనా ఒకటి 0.875లో హాయిగా నడుస్తుంది, ఇంకోటి 0.9లోనే గేమ్ మూసేస్తుంది. బెంచ్‌మార్క్ టెస్టులో బాగానే ఉన్నది, వెలుగునీడల్ని లెక్కగట్టే రే ట్రేసింగ్ గేమ్‌లో పడిపోతుంది. ఫ్యాన్ కర్వ్‌తో క్రాష్ రాదు. నా వాదన అంతే.

లలిత_రెండర్స్:
అది న్యాయమైన మాట, ఒప్పుకుంటాను. రాత్రంతా నడవాల్సిన రెండర్ తెల్లవారుజామున క్రాషైతే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అందుకే నా మిషన్లో వోల్టేజ్ మరీ అంచు దాకా దించను.
కానీ వాట్లు తగ్గించడానికి అండర్‌వోల్ట్ ఒక్కటే దారి కాదు. అదే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ అని ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని 75 శాతానికి లాగితే 170 వాట్ల కార్డు 127 దగ్గర ఆగుతుంది. ఇక్కడ వోల్టేజ్‌ని మనం ఊహించట్లేదు. కంపెనీ టెస్ట్ చేసిన వోల్టేజ్ కర్వ్ మీదే కార్డు కొంచెం కింది మెట్టుకి దిగుతుంది, అంతే. అందుకే క్రాష్ భయం ఉండదు. క్లాక్ కొంత తగ్గుతుంది గానీ వాట్లు తగ్గినంతగా ఫ్రేములు (సెకనుకి గీసే బొమ్మలు) తగ్గవు, ఎందుకంటే ఆ చివరి వంద మెగాహెర్ట్జ్ కోసమే కార్డు ఎక్కువ కరెంటు తాగుతుంది. బైక్‌ని 80 దాటి తోలితే మైలేజీ ఎలా పడిపోతుందో అలాగే.
లినక్స్ వాళ్లకి ఎన్విడియా-ఎస్ఎంఐ అనే టూల్‌లో ఒక్క కమాండ్. ఏఎండీ కార్డులకి వాళ్ల అడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్‌లో ట్యూనింగ్ పేజీలోనే ఉంటుంది. అమ్మగారి నిద్ర కోసమైతే ఈ ఒక్క స్లైడర్‌తో మొదలుపెట్టండి.

సర్వీస్_అన్న:
ఇద్దరూ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోయారు. కార్డు మొహం చూశారా ఎవరైనా? నేను సికింద్రాబాద్‌లో సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) దగ్గర రిపేర్ పని చేస్తా. ఫ్యాన్ గోల అని తెచ్చిన కార్డుల్లో నాకు ఎక్కువగా కనపడేది దుమ్మే. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) రేకుల మధ్య దుమ్ము, జుట్టు కలిసి దుప్పటిలా పేరుకుని ఉంటది. దాన్ని అట్లనే ఉంచి ఏ స్లైడర్ జరిపినా సగం లాభమే.
బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేస్తే ఆ గాలికి తన స్పీడుకి మించి తిరుగుతది, బేరింగ్ పోతది.
ఇంకోటి, చప్పుడు ఏ రకందో వినండి. గాలి హోరు ఒకటి, టకటకమనో గరగరమనో వచ్చేది ఇంకొకటి. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ఫ్యాన్‌ని వేలితో మెల్లగా తిప్పండి. నునుపుగా తిరిగి మెల్లగా ఆగాలి. మధ్యలో పట్టేసినట్టున్నా, రెక్క పక్కలకి ఊగుతున్నా అది బేరింగ్ అరిగిన ఫ్యాన్. దానికి కర్వూ పనికిరాదు, వాట్లూ పనికిరావు. ఫ్యాన్ మార్చాలె. కుట్టుమిషన్ ఆయిల్ చుక్క వేస్తే కొన్నాళ్లు నోరు మూస్తది, తర్వాత ఆ జిడ్డుకే దుమ్ము పట్టి మళ్లీ మొదలైతది.

విశాఖ_144:
ఫ్రేమ్ క్యాప్ (ఫ్రేములకి పరిమితి పెట్టడం) గురించి ఎవరూ అనలేదేంటి? మానిటర్ 60 హెర్ట్జ్ అయితే, అంటే సెకనుకి 60 ఫ్రేములే చూపిస్తే, కార్డు 140 ఫ్రేములు గీసి ఏం లాభం? ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనే మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ ఉంది. గేమ్ మెనూలో సన్నగా కీచుమనే శబ్దం వస్తే అది ఫ్యాన్ కాదు, కాయిల్ వైన్ (కార్డులోని కాయిల్స్ కరెంటుకి వణికే శబ్దం). అది కూడా క్యాప్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

లలిత_రెండర్స్:
గేమ్స్‌కి మంచి సలహా. రెండర్‌కి మాత్రం పనికిరాదు, అక్కడ కార్డు ఎప్పుడూ 100 శాతం మీదే ఉంటుంది.

బెజవాడ_పీసీ:
అందరికీ థాంక్స్. సర్వీస్_అన్న చెప్పినట్టు ముందు దుమ్ము దులిపాను, బాగానే వచ్చింది. ఫ్యాన్లు రెండూ నునుపుగా తిరుగుతున్నాయి. తర్వాత పవర్ లిమిట్ 75 పెట్టి, ఫ్రేములు 60కి కట్టాను. అదే గేమ్, అదే గది, ఇప్పుడు 66 డిగ్రీలు, 1,500 ఆర్‌పీఎం. ఆట నాకు ఏమీ తేడా తెలియలేదు. కర్వ్ ఇంకా ముట్టుకోలేదు.
కానీ కొత్త సమస్య. యూట్యూబ్ చూస్తున్నప్పుడు ఫ్యాన్లు ఆగిపోయి, కాసేపటికి ఒక్కసారిగా జుయ్యిమని లేచి, మళ్లీ ఆగుతున్నాయి. ఇంతకుముందు కూడా ఉందేమో, ఆ గోలలో పట్టించుకోలేదు. నిశ్శబ్దంలో ఇదే ఎక్కువ చిరాకుగా ఉంది.

కర్వ్_బాబు:
చూశావా, ఇప్పుడు నా దగ్గరికే వచ్చావు. మీ గది 34, కార్డు ఊరికే ఉన్నా 50 దాటుతుంది. ఫ్యాన్ లేచే గీత సరిగ్గా అక్కడే ఉంది. దాటగానే లేస్తుంది, చల్లబడగానే ఆగుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ ట్యాబ్‌లో టెంపరేచర్ హిస్టరిసిస్ అని ఉంటుంది, దాన్ని 5 పెట్టు. లేచాక ఐదు డిగ్రీలు తగ్గేదాకా వేగం తగ్గించదు. దాంతోనూ పోకపోతే ఫ్యాన్ ఆపడమే మానేసి, కనీస వేగంలో ఎప్పుడూ తిరగనీ. ఆగుతూ లేచే చప్పుడుకే మనిషికి మెలకువ వస్తుంది, ఒకే తీరుగా ఉండే సన్నటి హోరుకి రాదు. సెట్టింగ్ ప్రొఫైల్‌గా సేవ్ చేసి, విండోస్‌తో పాటే మొదలయ్యేలా పెట్టు, లేకపోతే రీస్టార్ట్ చేయగానే పాత గోలే.

లలిత_రెండర్స్:
ఇది మాత్రం కర్వ్ పనే, సందేహం లేదు. ఐదు చాలకపోతే ఏడు పెట్టి చూడండి.

సర్వీస్_అన్న:
హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగుండే చోటు) ఎంతుందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూసి చెప్పు తమ్ముడూ. మామూలు టెంపరేచర్‌కి పది పదిహేను ఎక్కువుంటే పర్వాలే. పాతిక దాటితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్యలో ఉండే పేస్ట్ ఎండిందని అనుమానించాలె. అయినా వారంటీ ఉన్నన్నాళ్లు నువ్వు స్క్రూ విప్పకు. లోపల మెమరీ మీద థర్మల్ ప్యాడ్లుంటయ్. తీసినప్పుడు చినిగితే అదే మందం దొరకాలె. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కి సరిగ్గా ఆనదు, ఉన్నదానికంటే వేడెక్కుతది.
ఇంకో సంగతి అడగడం మర్చిపోయిన. క్యాబినెట్ కంప్యూటర్ టేబుల్ గూట్లో పెట్టినవా?

బెజవాడ_పీసీ:
అవునన్నా, గూట్లోనే. వెనక గోడకి నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. హాట్‌స్పాట్ 78.

సర్వీస్_అన్న:
హాట్‌స్పాట్ బాగుంది, పేస్ట్ జోలికి పోకు. సైడ్ ప్యానెల్ తీసి, క్యాబినెట్ గూట్లోంచి బయటపెట్టి, అదే గేమ్ అరగంట ఆడి చూడు. ఐదారు డిగ్రీలు తగ్గితే తప్పు కార్డుది కాదు, గూటిది.

కర్వ్_బాబు:
అది కూడా చూశాక 1,500 నుంచి 1,250కి నా కర్వ్ పెట్టు. వాట్లు తగ్గించావు కాబట్టి 72 దాటదు.

లలిత_రెండర్స్:
రాత్రికి అది సరే. మధ్యాహ్నం గది 40 ఉన్నప్పుడు కూడా ఒకసారి ఆడి, అప్పటి టెంపరేచర్, ఆర్‌పీఎం రెండూ ఇక్కడ పెట్టండి. ఆ నంబర్లు చూడకుండా 1,250కి నేను ఒప్పుకోను.