సబితా ఇంద్రారెడ్డి గారి రాజకీయ జీవితంలో వారసత్వం వాటా ఎంత?

ప్రశ్న (శంకర్‌పల్లి వాసి):
సబితా ఇంద్రారెడ్డి గారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా భర్త మరణంతో రాజకీయాల్లోకి వచ్చారన్న ఒక్క మాటతోనే సరిపెడుతున్నారు. ఆమె కుటుంబ నేపథ్యం గురించి, ఆ తర్వాతి ప్రస్థానం గురించి తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

సమాధానం (మూసీ తీరం):
ఆ మాటలో అబద్ధం లేదు. చేవెళ్ల నుంచి మొదటిసారి 1985లో గెలిచిన పి. ఇంద్రారెడ్డి గారు ఎన్టీ రామారావు మంత్రివర్గంలో హోంమంత్రిగా పనిచేశారు. 1995 ఆగస్టు సంక్షోభంలో ఎమ్మెల్యేల్లో అత్యధికులు చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్లినా ఆయన రామారావు గారితోనే ఉండిపోయారు. తర్వాత కాంగ్రెస్‌లో చేరి 1999లో మళ్లీ గెలిచారు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆ ఖాళీకి జరిగిన ఉపఎన్నికలో సబిత గారు గెలిచారు.

మా నాయనమ్మ ఆ ఎన్నికలో "ఇంద్రన్న ఇంటామెకు ఏసిన" అన్నదే తప్ప పేరు చెప్పలేదు. 2004 నాటికి మాత్రం ఆమె నోట కూడా "సబితమ్మ" అనే వచ్చేది. రాజశేఖరరెడ్డి గారు 2003లో తన పాదయాత్రను చేవెళ్ల నుంచే ప్రారంభించి, ఆమెను "చేవెళ్ల చెల్లెమ్మ" అని పిలవడం కూడా అందుకు తోడ్పడిందని నా అభిప్రాయం.

సమాధానం (పాత విలేకరి):
పై సమాధానానికి ఒక ముఖ్యమైన విషయం జోడించాలి. నియోజకవర్గాల పునర్విభజనలో చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు స్థానం కావడంతో, భర్త నుంచి సంక్రమించిన సీటు 2009లో ఆమె చేజారింది. కొత్తగా ఏర్పడిన మహేశ్వరంలో నిలబడి తీగల కృష్ణారెడ్డి గారిని ఓడించడం, 2018లో అదే ప్రత్యర్థిపై మళ్లీ గెలవడం, 2023లో ఆ స్థానాన్ని నిలుపుకోవడం, ఇవన్నీ వారసత్వం ఖాతాలో వేయదగినవి కావు.

2004లో గనుల శాఖ, 2009లో హోంశాఖ నిర్వహించిన ఆమె, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా హోంమంత్రి. భర్త చూసిన శాఖనే భార్య కూడా చూడడం అరుదు. గనుల మంత్రిగా ఉన్నప్పటి ఓబుళాపురం కేసు ఏళ్ల తరబడి ఆమెను వెంటాడింది. 2025 మేలో సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం ఆమెను నిర్దోషిగా తేల్చింది. 2018లో కాంగ్రెస్ టికెట్‌పై గెలిచి, మరుసటి ఏడాది టీఆర్‌ఎస్‌లో చేరి విద్యాశాఖ మంత్రి కావడాన్ని మాత్రం నేను సమర్థించలేను. ఓటు వేసినవారికి ఆ జవాబు ఇంకా బాకీయే.

ప్రశ్న (శంకర్‌పల్లి వాసి):
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి తర్వాతి తరానికి చేవెళ్ల కలిసివచ్చిందా?

సమాధానం (మూసీ తీరం):
రాలేదండీ. 2014లో ఆమె పోటీకి దూరంగా ఉండగా, కుమారుడు కార్తీక్ రెడ్డి గారు చేవెళ్ల లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున నిలబడి కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. గెలిచినాయన ఎవరనుకున్నారు? ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి గారి మనవడు.