ఓర్పు ముందా, పరీక్ష ముందా?

ఓరుగల్లు పిల్ల: ఒక బైబిల్ వాక్యం వారం నుంచి సతాయిస్తోంది. మా అమ్మమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. తునికాకు సగం పనికిరాకుండా పోయిన రోజు "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" కలుగజేస్తుంది అంటూ మళ్లీ కత్తెర పట్టేది. నా చెవిలో మాత్రం 'పరీక్ష ఓర్పును' అని ఉంది. ఏది సరి?

కాజీపేట మాస్టారు: రెండూ ఉన్నయమ్మా. అమ్మమ్మది పౌలు రాసిన రోమా పత్రిక 5వ అధ్యాయం, నీ చెవిలోది యాకోబు పత్రిక 1వ అధ్యాయం. గ్రీకు మూలంలో యాకోబు మాట దొకిమియోన్, పరీక్షించడం. పౌలు మాట దొకిమే, పరీక్షకు నిలిచిన గుణం. తెలుగులో రెంటికీ పరీక్షే వేశారు. పౌలు దగ్గర 'నిగ్గు' పడాలి. ఓర్పు నిగ్గును, నిగ్గు నిరీక్షణను!

బమ్మెర దారి: అర్థం కుదిరింది సార్, చెవి ఒప్పుకోదు. పరి+ఈక్ష, నిర్+ఈక్షణ, రెంట్లోనూ చూపే. పరీక్షలో ఆయన మనల్ని చూస్తాడు, నిరీక్షణలో మనం ఆయన దిక్కు చూస్తాం. గ్రీకులో ఈ జంట లేదు, పోగొట్టొద్దు. అసలు పట్టుకోవాల్సింది 'శ్రమ'. బయట కాయకష్టం, చర్చిలో మీదొచ్చిపడ్డ బాధ. మన పోతన గజేంద్రుడు 'శ్రమంబయ్యెడిన్' అన్నది ఏ శ్రమ?

కాజీపేట మాస్టారు: అలసటే. పక్కనే 'దనువున్ డస్సెన్' ఉంది కదా.

బమ్మెర దారి: అలసట డస్సెన్‌తోనే అయిపోయె. పోతన అదే మాట రెండోసారి ఎందుకంటడు?

కాజీపేట మాస్టారు: ఆపదలో ఉన్నోడు ఒక్కసారే చెప్పి ఊరుకుంటడా? 'లావొక్కింతయు లేదు' నుంచి చెప్పిందే చెప్తున్నడు.

హసన్‌పర్తి అక్క: మా చర్చిల వాక్యం చదివేటప్పుడు శ్రమ అంటరు, సాక్ష్యం చెప్పేటప్పుడు గోస అంటరు. రెండూ ఒకటే. నాకైతే నిరీక్షణ అంటే ఉత్త ఎదురుచూపే అని ఉండె. మా ఆయన మూడు నెలలు దవాఖానల ఉన్నప్పుడు తర్వాతి ముక్క చదివిన: "ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు." అప్పుడు తెలిసింది అది ఆశ అని. ఆ ఒక్క ముక్క పట్టుకొనే రాత్రులు ఎల్లదీసిన.

ఓరుగల్లు పిల్ల: అక్కా, అమ్మమ్మ ఆ ముక్క ఎన్నడూ పైకి అనలేదు. 'పరీక్ష నిరీక్షణను' దాకా వచ్చి, దారం పళ్లతో తెంపి, ఇంకో ఆకు తీసేది.

బమ్మెర దారి: మాస్టారూ, పోతన పద్యంలో క్రియలు చూడండి. విలోలంబయ్యె, దప్పెను, వచ్చె, డస్సెన్. అన్నీ అయిపోయినవి. శ్రమ ఒక్కదానికే 'అయ్యెడిన్'. ఇంకా అవుతూనే ఉంది. ఆ 'డిన్' దగ్గర ఆగండి ఒక్కసారి.