నార్త్ కరోలినా అమ్మాయిల ఫుట్‌బాల్: టైటిళ్లు 22 ఆ, 23 ఆ?

ప్రశ్న: చాపెల్ హిల్ యూనివర్సిటీ జట్టుకి ఒకచోట 22, ఇంకోచోట 23 టైటిళ్లని ఉంది. క్విజ్‌లో ఏది పెట్టాలండీ?

జవాబు 1: రెండూ కరెక్టే. 1981లో గెలిచింది ఏఐఏడబ్ల్యూ (అప్పట్లో అమెరికాలో ఆడవాళ్ల కాలేజీ క్రీడలు నడిపిన సంఘం) టోర్నీ. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) వాళ్లు ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి పోటీ పెట్టిందే 1982లో. ప్రశ్నలో ‘ఎన్‌సీఏఏ’ అని ఉంటే 22, ‘జాతీయ’ అంటే 23.

జవాబు 2: ఎన్‌సీఏఏ టైటిళ్లు 21 అని కనిపిస్తే అది 2012 నాటి లెక్క. 22వది 2024లో, ఫైనల్లో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ మీద 1-0. దాన్ని కోచ్ ఆన్సన్ డోరన్స్ ఖాతాలో వేసేయకండి, ఆయన ఆ ఆగస్టులోనే తప్పుకున్నారు.

జవాబు 3: ఇంకో మెలిక. ఈ జట్టు 92 వరుస గెలుపులకి 1994లో బ్రేక్ వేసింది ఓటమి కాదు, నోటర్ డేమ్ యూనివర్సిటీతో 0-0 డ్రా. క్విజ్‌లో సగం మంది ఇక్కడే బోల్తా.