రోటిఫర్లకు నానోక్లోరాప్సిస్: కాన్వే మీడియం బదులు పొలం ఎరువులు వాడొచ్చా?

ప్రశ్న:
పండుగప్ప చేపపిల్లల తొలి మేత రోటిఫర్ల (సూక్ష్మమైన నీటి జీవులు) కోసం ఆరుబయట 1 టన్ను ట్యాంకులో వాటి మేత నానోక్లోరాప్సిస్ (సూక్ష్మ ఆల్గే, అంటే నాచు) పెంచుతున్నాం. నీటి ఉప్పదనం 28 పిపిటి (వెయ్యికి 28 వంతులు). అంత నీటికి కాన్వే (ల్యాబ్‌లో ఆల్గేకు వాడే పోషకాల ద్రావణం) పోస్తే ఖర్చు తట్టుకోలేం. ఎరువుల మోతాదు చెప్పండి. ఇంకోటి, మూడో రోజుకల్లా రంగు వెలిసి అంతా అడుక్కి దిగిపోతోంది. ఎందుకండీ?

జవాబు 1:
వాడొచ్చండి. టన్నుకు అమ్మోనియం సల్ఫేట్ 100 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 10, యూరియా 10. సూపర్ ఫాస్ఫేట్ పూర్తిగా కరగదు, అందులో జిప్సం ఉంటుంది. ముందురోజు రాత్రి బకెట్లో నానబెట్టి, పైన తేరిన నీళ్ళే గుడ్డలో వడకట్టి పోయండి.

ఫ్లాస్కుల్లో, క్యాన్లలో ఉండే స్టాక్ మాత్రం కాన్వేలోనే ఉంచండి. లీటరుకు 1 మి.లీ. చాలు, అక్కడ పొదుపు చేయొద్దు. ట్యాంకు పోతే మళ్ళీ మొదలుపెట్టేది ఆ స్టాక్‌తోనే.

రంగు వెలిసిపోవడం సంగతికొస్తే, ముందుగా సీడ్ (ట్యాంకులో మొదట పోసే ఆల్గే నీరు) ఎంత వేస్తున్నారో చూడండి. టన్నుకు ముదురాకుపచ్చ సీడ్ 150–200 లీటర్లు పడాలి. పలచగా వేస్తే ఎండకు కణాలు పాలిపోతాయి, ఈలోగా బ్యాక్టీరియా పెరుగుతుంది. నడిమధ్యాహ్నం షేడ్‌నెట్ కట్టండి. గాలి ఒక్క గంట కూడా ఆపొద్దు.

నీటిని శుద్ధి చేశాక క్లోరిన్ మిగిలినా ఇలాగే అవుతుంది. టన్నుకు 30 గ్రాముల బ్లీచింగ్ వేసి, 24 గంటలు గాలి పట్టించి, ఆర్థోటాలిడిన్ చుక్కలతో చూడండి. పసుపు కనిపిస్తే ఇంకా హైపో (క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్) వేయాలి. పసుపు పోయాకే సీడ్.

జవాబు 2:
ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టండి. సీలియేట్లో (ఆల్గేను తినే ఏకకణ జీవులు) రోటిఫర్లో తిరుగుతుంటే ఆ ట్యాంకు పారబోయడమే, మందులతో బాగుపడదు. రోటిఫర్ల మగ్గు, వల, ఎయిర్ స్టోన్ ఆల్గే వైపు వస్తే చాలు, అంటుకుంటుంది. రోజూ ఆల్గే పని ముగించాకే రోటిఫర్ల దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న వేసినవారు:
ఆల్గే తగ్గిన రోజు ఈస్ట్‌తో నెట్టుకురావచ్చా?

జవాబు 1:
రోటిఫర్ల సంఖ్య పెరుగుతుంది గానీ ఈస్ట్‌లో ఇపిఎ (చేపపిల్లలకు అవసరమైన ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) లేదు. పిల్లలు కడుపునిండా తిన్నా నిలవవు. ఈస్ట్ తిన్న రోటిఫర్లను కొన్ని గంటలు చిక్కటి నానోలో ఉంచి, 50–60 మైక్రాన్ల మెష్‌లో కడిగి ఇవ్వండి. నానోలోనూ డిహెచ్‌ఎ (మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) దాదాపు ఉండదు కాబట్టి ఐసోక్రైసిస్ (ఇంకో రకం ఆల్గే) కలపడమో, రోటిఫర్లను విడిగా ఎన్‌రిచ్ (పోషకాలు పట్టించడం) చేయడమో తప్పదు.

మర్చిపోవద్దు, ఆల్గే తీసే ముందురోజు మళ్ళీ ఎరువు వేయకండి. మధ్యాహ్నం పిహెచ్ 9 దాటితే మిగిలిన అమ్మోనియం విషమవుతుంది. అదే నీరు పోస్తే రోటిఫర్ల ఈత మందగించి గుడ్లు తగ్గుతాయి. నాలుగైదు రోజుల్లో నీరు చిక్కబడ్డాక, అమ్మోనియా కిట్‌తో చూసి తీయండి.