అరకు ఘాట్‌లో సైకిలు మీద చలికి ఏం వేసుకోవాలి?

ప్రశ్న, మధురవాడ నుంచి:

అందరికీ నమస్కారం. బడిలో లెక్కలు చెబుతాను, వయసు ముప్పై ఎనిమిది. రెండేళ్లుగా ఆదివారాలు తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సైకిలు తొక్కుతున్నాను. సంక్రాంతికి ముందు వచ్చే శనివారం మా నలుగురు స్నేహితురాళ్లం అరకు వెళ్లాలనుకుంటున్నాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. రాత్రి అరకులో ఉండి, ఆదివారం ఉదయం ఆరింటికి తిరిగి బయలుదేరుతాం.

నా భయమంతా చలి గురించే. కిందటి డిసెంబరులో అనంతగిరి దాకా వెళ్లాను. లోపల కాటన్ టీషర్టు, దాని మీద మా అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టరు, ఆపైన వాన కోటు వేసుకున్నాను. ఎక్కేటప్పుడు చెమటతో మునిగిపోయాను. దిగడం మొదలుపెట్టిన పది నిమిషాలకే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. వేళ్లు కొయ్యబారి బ్రేకు ఎంత నొక్కుతున్నానో కూడా తెలియలేదు. దారిలో ఒక టీ దుకాణం పొయ్యి దగ్గర అరగంట కూర్చున్నాక గానీ మనిషిని కాలేదు. ఈసారి ఇంకా మందమైన జాకెట్ కొనాలా? మూడు వేలకు మించి ఖర్చు పెట్టలేను. తెలిసినవారు చెప్పండి.

జవాబు, గోపాలపట్నం నుంచి:

జాకెట్ కొనకండి మేడమ్, దయచేసి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ రోజు మీకు బట్టలు తక్కువ కాలేదు, ఎక్కువయ్యాయి. ఎనిమిదేళ్లుగా ప్రతి చలికాలం ఆ ఘాట్ ఎక్కుతున్నాను, మొదటి రెండేళ్లు నేనూ ఇదే పొరపాటు చేశాను.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు మన ఒళ్లే ఒక కొలిమి. కండరాలు ఖర్చు చేసే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే బయటికి వస్తుంది. అంత వేడి పుడుతుంటే వాన కోటు కప్పుకుంటే చెమటకు దారి ఏది? లోపలి కాటన్ బట్ట దాన్నంతా పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. ఇక దిగడం మొదలైతే తొక్కే పని ఉండదు, కొలిమి ఆరిపోతుంది, ఎదురుగాలి మాత్రం రెట్టింపవుతుంది. నీరు వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. అంటే తడి బట్టతో దిగడం, తడి తువ్వాలు కప్పుకుని ఫ్యాను ముందు నిలబడటం లాంటిదే. పది డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే బయటపడిన చర్మానికి అది ఆరేడు డిగ్రీల చలిలా తగులుతుంది. ఐదు డిగ్రీల్లో 40 వేగానికి వెళితే సున్నా కిందికి దిగినట్టే ఉంటుంది.

కాబట్టి మీరు పోరాడవలసింది చెమటతో, గాలితో. ఈ రెండింటికీ వేర్వేరు బట్టలు కావాలి, వేర్వేరు సమయాల్లో.

ఒంటిని అంటి ఉండే బట్ట కాటన్ కాకూడదు. ఇది ఒక్కటి పాటించినా సగం బాధ తీరుతుంది. పిల్లలు ఆటలకు వేసుకునే పాలిస్టర్ జెర్సీ చాలు, మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. ఒంటికి కొంచెం బిగుతుగా ఉండేది చూడండి, వదులుగా ఉంటే చెమటను లాగదు. థర్మల్స్ అని చెప్పి అమ్మేవాటిలో చాలావరకు కాటన్ కలిసినవే. కొనేముందు లోపలి చీటీ తిప్పి చదవండి. అవి రాత్రి అరకులో పడుకునేటప్పుడు హాయిగా ఉంటాయి, సైకిలు మీద మాత్రం వద్దు.

ఎక్కేటప్పుడు ఆ జెర్సీ, మోచేతుల పైదాకా తొడుక్కుని, వెచ్చబడ్డాక లాగి తీసేయగల చేతి తొడుగులు (గ్లౌజులు కావు, చొక్కా చేతుల్లాంటివి), అంతే. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలి వేయాలి. గడప దాటగానే వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నారన్నమాట. దిగేటప్పటికి ఒక పలచటి విండ్‌చీటర్ ఉండాలి. మడిస్తే గుప్పెడంత అయ్యేది, గాలిని ఆపేది. లోపల దూది, అస్తరు అక్కర్లేదు. మీ మూడు వేలలో పెద్ద భాగం దీని మీద పెట్టండి. ముందు భాగం గాలి చొరబడకుండా, వీపు భాగం గాలి ఆడే జాలీ గుడ్డతో ఉన్నది దొరికితే ఇంకేమీ ఆలోచించకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. రెండో జెర్సీ ఒకటి పాలిథీన్ సంచిలో పెట్టుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో అరకు నుంచి వెంటనే దిగుడు ఉండదు. ముందు సుంకరమెట్ట మీదుగా గాలికొండ దాకా ఎక్కాలి, అక్కడ చెమట పడుతుంది. ఆ వెంటనే శృంగవరపుకోట దాకా పొడవైన దిగుడు. గాలికొండ పేరులోనే గాలి ఉంది. అక్కడ ఆగండి. తడి జెర్సీ మార్చుకోవడానికి చాటు చూసుకుని, పొడి జెర్సీ వేసుకుని, దాని మీద విండ్‌చీటర్ మెడ దాకా జిప్పు లాగి అప్పుడు దిగండి. కిందటేడు నాతో వచ్చిన ఒక కుర్రాడు బద్ధకించి మార్చుకోలేదు. అనంతగిరి కాఫీ తోటల దగ్గరికి వచ్చేసరికి మాట తడబడటం మొదలైంది. వణుకు ఆగకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది ప్రమాదం, వెంటనే సైకిలు ఆపాలి. అతన్ని ఒక ఇంటి వాకిట్లో కూర్చోబెట్టి, పొడి బట్టలు వేసి, వేడి పాలు తాగించాక కోలుకున్నాడు. ఆ ఇంటి అమ్మ డబ్బు తీసుకోలేదు.

ఇంకొక మాట. ఆరింటికి బయలుదేరకండి. అరకు చుట్టూ కొండలున్న లోయ. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కొండల మీది నుంచి జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున పైనున్న వాలుల కంటే లోయలోనే చలి ఎక్కువగా ఉండే రోజులుంటాయి. పైగా మంచు. ఎనిమిదిన్నర దాటాక బయలుదేరితే, ఏ బట్టా చేయలేని మేలు ఎండ చేస్తుంది.

జవాబు, గాజువాక నుంచి:

అమ్మా, పై ఆయన చెప్పినదంతా నిజం. ఖర్చు లేని మాట ఒకటి నేను చెబుతాను. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున సైకిలు మీద ఇంటికి వచ్చేవాణ్ణి. ధనుర్మాసంలో చొక్కా లోపల, రొమ్ము మీద, నాలుగు మడతల దినపత్రిక పెట్టుకుని బొత్తాలు పెట్టేవాణ్ణి. గాలి లోపలికి రాదు, కాగితం పొరల మధ్య వేడి నిలుస్తుంది. ఐరోపాలో పెద్ద పెద్ద సైకిలు పందేల్లో కూడా కొండ దిగే ముందు ఇలాగే పెట్టుకునేవారని తరవాత తెలిసింది. అరకులో పొద్దున పేపరు కొనుక్కుని చదవండి, గాలికొండ దగ్గర చొక్కాలో పెట్టుకోండి. మీ విండ్‌చీటర్ చిరిగినా ఇది ఆదుకుంటుంది. చెమటకు తడిస్తే మాత్రం తీసి పారేయకండమ్మా, సంచిలో పెట్టుకుని తెచ్చేయండి. ఆ అడవి శుభ్రంగా ఉండాలి.

మధురవాడ నుంచి మళ్లీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో జెర్సీ సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. మరి రెండు సందేహాలు. అమ్మ అల్లిన స్వెట్టరు పూర్తిగా పక్కన పెట్టేయాలా? అది లేకుండా చలికాలం ప్రయాణం నాకు ఊహకు అందదు. రెండోది, తలకు మంకీ క్యాప్, మెడకు మఫ్లరు సరిపోతాయా?

జవాబు, గోపాలపట్నం నుంచి:

స్వెట్టరు తీసుకెళ్లండి, తప్పకుండా. అది నిజంగా ఉన్ని అయితే దానంత మంచి బట్ట లేదు. ఉన్ని తేమను పోగు లోపలికి తీసుకుంటుంది, పోగుల మధ్య గాలి అలాగే నిలిచి ఉంటుంది, అందుకే కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఊళ్లలో అమ్మే స్వెట్టర్లు చాలావరకు యాక్రిలిక్, వాటికి ఈ గుణం లేదు. చేతి అల్లికకు ఉన్న లోపం ఒక్కటే, కన్నాల్లోంచి గాలి దూసుకొస్తుంది. దాని మీద విండ్‌చీటర్ వేస్తే ఆ లోపమూ పోతుంది. దిగేటప్పుడు పొడి జెర్సీ, స్వెట్టరు, విండ్‌చీటర్, ఈ వరసలో వేసుకోండి. మీ అమ్మగారి కష్టం ఘాట్ మీద అక్కరకొస్తుంది. ఎక్కేటప్పుడు మాత్రం సంచిలోనే ఉంచండి.

మంకీ క్యాప్ మందంగా ఉంటుంది, దాని మీద హెల్మెట్ సరిగా కూర్చోదు. పట్టీ వదులు చేసి పెట్టుకుంటే పడినప్పుడు హెల్మెట్ పక్కకు జారుతుంది. అది అస్సలు వద్దు. మఫ్లరు ఇంకా ప్రమాదం, కొసలు జారి చక్రంలో పడతాయి. చున్నీ కూడా అంతే. గొట్టంలా కుట్టిన పలచటి గుడ్డ, బఫ్ అంటారు, రెండు కొనండి. వంద, నూట యాభై రూపాయలు ఉంటుంది. ఒకటి మెడకు, ఒకటి చెవులు కప్పేలా హెల్మెట్ కింద.

మోకాళ్లను మరిచిపోకండి. వాటి మీద కండ తక్కువ, గాలి నేరుగా తగులుతుంది, అరకు నుంచి వచ్చాక నాలుగు రోజులు మెట్లు దిగలేని వాళ్లను చూశాను. బిగుతుగా ఉండే పాలిస్టర్ లెగ్గింగ్ చాలు. వదులు ప్యాంటు గొలుసులో చిక్కుకుంటుంది.

జవాబు, సీతమ్మధార నుంచి:

మందమైన జాకెట్ అస్సలు వద్దనడం నాకు సమ్మతం కాదు. మా వాళ్లం లంబసింగి వెళతాం. అక్కడ జనవరి తెల్లవారుజామున ఐదు డిగ్రీల లోపుకు పడిన రోజులున్నాయి. చీకట్లో మంచు చూడటానికి కదలకుండా నిలబడితే ఏ విండ్‌చీటరూ ఆపదు. తొక్కేటప్పటి బట్టలు వేరు, నిలబడేటప్పటి బట్టలు వేరు అని చెబితే ఒప్పుకుంటాను. ఉబ్బసం ఉన్నవారు ఆ బఫ్‌ను ముక్కు మీదికి లాక్కోవాలి, చల్లటి పొడి గాలి నేరుగా లోపలికి పోకూడదు. మందు పీల్చే సాధనం సంచి అడుగున కాకుండా జేబులో ఉండాలి.

జవాబు, గోపాలపట్నం నుంచి:

ఒప్పుకున్నాను. కదలకుండా నిలబడేవారికి జాకెట్ కావలసిందే. మా ఊరి బీచ్ రోడ్డు సంగతి కూడా అడుగుతున్నారు కొందరు. విశాఖలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. భీమిలి దాకా అయితే జెర్సీ, చేతి తొడుగులు చాలు. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి భీమిలి వెళ్లేటప్పుడు ఎడమ పక్క నుంచి తగులుతుంది. తొట్లకొండ దాటాక తెలుస్తుంది. చలి శివరాత్రికి శివశివా అనుకుంటూ పోయేదాకా ఆ విండ్‌చీటర్ మాత్రం వెనక జేబులో ఉంచుకోండి.

మధురవాడ నుంచి, జనవరిలో:

వెళ్లి వచ్చాం. చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఎక్కేటప్పుడు జెర్సీ ఒక్కటే. శృంగవరపుకోట దాటాక మిగతా ముగ్గురూ నన్ను చూసి జాలిపడ్డారు. గంట తరవాత వాళ్లూ స్వెట్టర్లు విప్పి సంచుల్లో పెట్టారు. ఆదివారం తొమ్మిదింటికి బయలుదేరాం. అప్పటికీ లోయలో మంచు పూర్తిగా విడలేదు, పొలాల మీద పాలు పోసినట్టు ఉంది. గాలికొండ దగ్గర ఇద్దరం దుప్పటి పట్టుకుంటే ఒకరి తరవాత ఒకరం జెర్సీలు మార్చుకున్నాం. తడి జెర్సీ తీసి పొడిది వేసుకున్న ఆ క్షణాన ఒంటికి వచ్చిన వెచ్చదనం ఇంకా గుర్తుంది. అమ్మ స్వెట్టరు, లోపల గాజువాక బాబాయి గారు చెప్పిన దినపత్రిక, పైన 1,400 రూపాయల విండ్‌చీటర్. శృంగవరపుకోట దాకా ఒక్కసారి కూడా వణకలేదు. అమ్మకు ఫోను చేసి చెప్పాను.

వేళ్లు మాత్రం ఈసారీ మొద్దుబారాయి. నా గ్లౌజులకు వేళ్ల కొసలు ఉండవు. మలుపుల దగ్గర బ్రేకు పట్టాలంటే భయం వేసి మూడు చోట్ల ఆగాం. దీనికి ఏమైనా ఉందా?

జవాబు, గాజువాక నుంచి:

ఉందమ్మా. మందుల దుకాణంలో దొరికే పలచటి రబ్బరు గ్లౌజులు ఒక జత తీసుకుని, మీ గ్లౌజుల లోపల వేసుకోండి. గాలి కాస్తయినా తగలదు. ఎక్కేటప్పుడు వేసుకుంటే చెమట నిలిచిపోతుంది, దిగే ముందు మాత్రమే వేసుకోవాలి. అవి బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక సైజు పెద్దవి అడగండి. ఆగిన మూడు చోట్లా ఆగడం మంచి పని చేశారు. చేతులు చంకల్లో పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే వేళ్లలోకి ప్రాణం వస్తుంది, ఆ లోపల వేడెక్కిన బ్రేకులు కూడా చల్లారతాయి.