ఫ్రీరేడియస్: రాడ్‌టెస్ట్ పాసవుతోంది, వైఫై లాగిన్ మాత్రం టైమవుట్

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్ వైఫైకి ఉబుంటు మీద ఫ్రీరేడియస్ (లాగిన్‌లు సరిచూసే సర్వర్ సాఫ్ట్‌వేర్) పెట్టాం. సర్వర్‌లోనే రాడ్‌టెస్ట్ (లాగిన్‌ని పరీక్షించే కమాండ్) చేస్తే యాక్సెప్ట్ వస్తోంది, యాక్సెస్ పాయింట్ నుంచి టైమవుట్. ఎక్కడ చూడాలండీ?

జవాబు: లోకల్‌హోస్ట్ (అంటే ఆ సర్వరే) క్లయింట్‌గా, అంటే రిక్వెస్ట్ పంపే అనుమతి ఉన్న పరికరంగా, ముందే రాసి ఉంటుంది, అందుకే అది పాసైంది. యాక్సెస్ పాయింట్ ఐపీ, సీక్రెట్ (రెండువైపులా ఒకటే ఉండాల్సిన పాస్‌వర్డ్) ఈ క్లయింట్ల జాబితా ఫైల్ అయిన క్లయింట్స్ డాట్ కాన్ఫ్‌లో లేకపోతే సర్వర్ రిజెక్ట్ కూడా పంపదు, మౌనంగా వదిలేస్తుంది. సర్వీస్ ఆపేసి డీబగ్ మోడ్‌లో (వచ్చే ప్రతి రిక్వెస్ట్‌నీ తెరమీద చూపిస్తుంది) నడపండి. ఆపకపోతే పోర్ట్ ఖాళీ లేదంటుంది. ‘అన్‌నోన్ క్లయింట్’ అని వస్తే ఇదే కారణం.

ఇంకొకరు: ఆ లైనూ రాకపోతే ప్యాకెట్ చేరట్లేదన్నమాట. ఫైర్‌వాల్‌లో యూడీపీ 1812, 1813 తెరవండి, టీసీపీ కాదు.

ప్రశ్న అడిగినవారు: అన్‌నోన్ క్లయింటే వచ్చింది, కానీ ఐపీ రూటర్‌ది.

జవాబు: మధ్యలో నాట్ ఉందండీ, అంటే రూటర్ యాక్సెస్ పాయింట్ ఐపీ బదులు తన ఐపీ పెట్టి పంపుతోంది. రూటర్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (ఐపీ మార్చకుండా పంపేలా) పెట్టి, క్లయింట్స్ డాట్ కాన్ఫ్‌లో యాక్సెస్ పాయింట్ సొంత ఐపీనే రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి.